చిన్న లెన్సు – పెద్ద కెమెరా

ఛాయాచిత్రకళయందు మన పిల్లల ఆసక్తి నానాటికి హెచ్చుచున్నది. మొదట క్రాప్ సెన్సార్ కెమెరాను, దానితోడి 18–55 మిల్లీమీటర్ల జూమ్ లెన్సును కొనియిచ్చిన తల్లిదండ్రులు, కొన్నేండ్లకు ఫుల్ ఫ్రేమ్ కెమెరా కావలెనను కోరికను వినవలసివచ్చును. అప్పుడు పాత లెన్సు పనికివచ్చునా అను ప్రశ్న తప్పదు. లెన్సు వెల ఒక్కొక్కప్పుడు కెమెరా వెలకు తీసిపోదు గనుక, ఈ సంగతిని ఇచట వివరింపదలచితిమి.

ఫుల్ ఫ్రేమ్ అనగా 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు గల సెన్సారు. 1925లో విపణికి వచ్చిన లైకా కెమెరా ఫిలిముపై వాడుకచేసిన కొలతయే ఇది. క్రాప్ సెన్సారు ఇంతకంటె చిన్నది. నైకాన్, సోనీ కెమెరాలలో అది సుమారు 23.5 × 15.6 మి.మీ. మాత్రమే.

లెన్సు గుండ్రనిది, అది లోపల పరచు ప్రతిబింబమును గుండ్రనిదే. ఫుల్ ఫ్రేమ్ మూలలన్నియు నిండవలెనన్న ఆ వలయమునకు 43 మి.మీ. వ్యాసముండవలెను. క్రాప్ సెన్సారునకు 28 మి.మీ. చాలును. చిన్న దీపపు వెలుగు పెద్ద ముంగిలినంతయు నింపజాలనట్లే, చిన్న లెన్సును పెద్ద కెమెరాకు తగిలించినచో నడుమ చిత్రము వెలుగొందును, మూలలు నల్లబడును.

ఈ లోపము కానరాకుండుటకు పెక్కు కెమెరాలు అట్టి లెన్సును గుర్తించి, సెన్సారు నడిమి భాగమును మాత్రమే తమంతట తాము వాడుకొనును. లెన్సు నాభ్యంతరము మారదు. దృశ్యపు మేర మాత్రము 27–82 మి.మీ. లెన్సు చూపునంతయే యుండును. అయితే 24 మెగాపిక్సెళ్ల చిత్రము సుమారు పదిన్నరకు దిగును. 12 × 8 అంగుళముల ముద్రణకు ఇది చాలును. కాని వార్షికోత్సవపు బృందచిత్రమునుండి ఒక్క బిడ్డ ముఖమును వేరుచేసి పెద్దదిగా అచ్చువేయింపబూనినచో కొరత తెలియును.

కొన్ని జూమ్ లెన్సులలో నాభ్యంతరము పెరిగినకొలది వలయమును పెరుగును. క్రాప్ ఏర్పాటును నిలిపివేసి, తెల్లని గోడను 18, 35, 55 మి.మీ.లవద్ద చిత్రించి మూలలను పరిశీలించినచో మీ లెన్సు శక్తి మీకే తెలియగలదు.

ఒక హెచ్చరిక. కెనాన్ వారి ఈఎఫ్-ఎస్ లెన్సులు ఆ సంస్థవారి పాత ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ కెమెరాలకు అమరవు. బలవంతముగా బిగింపరాదు, లోపలి అద్దము లెన్సు వెనుకభాగమునకు తగిలి చెడవచ్చును. వారి ఆర్ఎఫ్ కెమెరాలకైతే తగిన అడాప్టరుతో అమర్పవచ్చును.

కావున పాత లెన్సును పారవేయనక్కరలేదు; కొంతకాలము దానితో గడుపవచ్చును. కాని అదొక్కటే యున్నచో, పెద్ద సెన్సారునకు సొమ్ము చెల్లించి అందులో సగముకన్న తక్కువ భాగమును వాడుకొనుటయే యగును. మునుముందు ఫుల్ ఫ్రేమ్ కొనదలచినవారు, ఆ కెమెరాకును ఇప్పటి కెమెరాకును అమరునట్టి 50 మి.మీ. ఎఫ్/1.8 వంటి చవుకైన ఫుల్ ఫ్రేమ్ లెన్సును ముందుగా కొనుట మేలు. అది చిన్న కెమెరాపై 75 మి.మీ. లెన్సువలె చూపుచు, రేపు పెద్ద కెమెరాపై సంపూర్ణముగా పనిచేయును. బిడ్డ అభ్యాసమును ఆగదు, ఇంటివారి ధనమును వృథా కాదు.