మధ్యాహ్నపు ఎండను రాత్రికి దాచే లెక్క

గజపతినగరంలో సాయంత్రం ఆరున్నర. సాలూరు వెళ్లే రోడ్డు మీద దుకాణాల్లో లైట్లు వెలుగుతాయి. ఇళ్లలో ఇడ్లీ పిండికి గ్రైండర్ తిరుగుతుంటుంది, టీవీ మోగుతుంటుంది. సరిగ్గా ఆ వేళకే సోలార్ పలకలు ఆ రోజుకి పని ముగించేస్తాయి. 2025 జనవరికి దేశంలో సోలార్ సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. పలకలు పెరిగేకొద్దీ మధ్యాహ్నం మిగులు పెరుగుతుంది, రాత్రి కొరత మాత్రం తీరదు. ఆ మిగులును దాచి రాత్రికి ఇచ్చేవే భారీ బ్యాటరీలు.

వాడే వేళను మధ్యాహ్నానికి మార్చుకుంటే పోదా? కొంత మార్చుకున్నాం కూడా. వ్యవసాయ మోటార్లకు పగటిపూట 9 గంటల కరెంటు అలాంటి సర్దుబాటే. మడిలోకి చేరిన నీరూ ఒక రకం నిల్వే. కానీ రాత్రి వంటనూ, పిల్లల చదువునూ మధ్యాహ్నానికి జరపలేం.

బ్యాటరీ వార్తల్లో ఎప్పుడూ రెండు అంకెలుంటాయి: మెగావాట్లు, మెగావాట్-అవర్లు. ఊరి చెరువును తలచుకుంటే తేడా తేలిపోతుంది. చెరువు ఎంత నీరు పడుతుందో మెగావాట్-అవర్లు చెబుతాయి. మదుము ఒక్కసారిగా ఎంత నీరు వదలగలదో మెగావాట్లు చెబుతాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో తెలుస్తుంది. ఒక మెగావాట్-అవర్ అంటే మన మీటరు లెక్కలో వెయ్యి యూనిట్లు.

ఇలాంటిది ఎక్కడైనా ఉందా? మన స్టేషన్ మీదుగా పోయే రాయపూర్ లైను పట్టుకుని, రాయపూర్, దుర్గ్ దాటితే రాజ్‌నంద్‌గావ్ వస్తుంది. అక్కడ కేంద్ర సంస్థ సెకీ 100 మెగావాట్ల సోలార్ కేంద్రానికి 40 మెగావాట్లు, 120 మెగావాట్-అవర్ల బ్యాటరీ జోడించింది. 2024లో అది ప్రారంభమైంది. 120ని 40తో భాగిస్తే మూడు గంటలు. నిల్వ లక్షా ఇరవై వేల యూనిట్లు. ఇంటికి రెండు యూనిట్ల చొప్పున 60 వేల ఇళ్లకు ఆ మూడు గంటలూ గడిచిపోతాయి. మన ఇంటి 150 ఆంపియర్-అవర్ ఇన్వర్టర్ బ్యాటరీలో పట్టేది సుమారు 1.8 యూనిట్లు. అలాంటివి 66 వేలకు పైగా పేర్చితే గానీ ఆ నిల్వకు సరితూగవు.

ఖర్చు మాటేమిటి? 2022లో సెకీ టెండర్‌లో ఒక మెగావాట్‌కు నెల అద్దె సుమారు 10.84 లక్షల రూపాయలు పలికింది. 2024 చివర్లో రాజస్థాన్ టెండర్‌లో అది 2.21 లక్షలకు దిగింది. రెండూ రెండు గంటల బ్యాటరీలే. రోజుకొక్కసారే నింపి తోడితే నెలకు 60 వేల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కు అద్దె 2022లో 18 రూపాయలయ్యేది, 2024 చివర్లో మూడు రూపాయల 68 పైసలు. వంద యూనిట్లు నింపితే సుమారు 85 తిరిగొస్తాయి. కాబట్టి రెండున్నర రూపాయల సోలార్ యూనిట్ ధర ఈ తరుగుతో 2.94 అవుతుంది. ఆ 3.68 అద్దెనూ దీన్నీ కలిపితే ఆరు రూపాయల అరవై రెండు పైసలు. విద్యుత్ ఎక్స్ఛేంజ్‌లో గిరాకీ వేళ యూనిట్ ధర 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకే రోజులున్నాయి. ఆ రోజుల్లో బ్యాటరీయే చవక.

నిల్వ ఒక్కటేనా దాని పని? గ్రిడ్‌లో పుట్టే కరెంటూ వాడే కరెంటూ క్షణక్షణం కావడిలా సరితూగాలి. తూకం సరిగ్గా ఉంటే ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు కరెంటు ఊగే లెక్క, 50 దగ్గర నిలుస్తుంది. 2017 డిసెంబర్ 14న ఆస్ట్రేలియాలో 560 మెగావాట్ల బొగ్గు యూనిట్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫ్రీక్వెన్సీ పడిపోతుంటే అక్కడి హార్న్స్‌డేల్ భారీ బ్యాటరీ క్షణాల్లో అందుకుంది. బొగ్గు కేంద్రాన్ని అంత చురుగ్గా పెంచలేం.

అల్పపీడనం పట్టి నాలుగు రోజులు ముసురు పడితే? రెండు మూడు గంటల నిల్వ దానికి ఆనదు. మాచ్‌ఖండ్ లాంటి జలవిద్యుత్తు, గాలిమరలు, బొగ్గు అప్పుడు ఆదుకోవాలి. ఇంకాస్త పెద్ద నిల్వకు మరో దారి, పగటి మిగులుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి రాత్రి కిందికి వదలడం. 2022 మే 17న శంకుస్థాపన జరిగిన నంద్యాల జిల్లా పిన్నాపురం కేంద్రం అలాంటిదే. దాని సామర్థ్యం 1,680 మెగావాట్లు. ఆరు గంటలు నడిస్తే కోటి యూనిట్లు.

మరి తుపానొస్తే కరెంటు పోదా? పోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి మన జిల్లాలో స్తంభాలు ఒరిగాయి, తీగలు తెగాయి. తీగ తెగాక సబ్‌స్టేషన్‌లో లక్ష యూనిట్లు దాచి ఉన్నా గడప దాటి లోపలికి రావు. ఆ రాత్రికి ఇంట్లోని 1.8 యూనిట్లే దిక్కు.