పలకరింపుతో పాటు వచ్చే జలుబు

సూరత్‌కు ఉత్తరాన, ముంబయి–వడోదర రైలు మార్గం మీదుంటుంది కిమ్. అక్కడ జబ్బు ముదిరిన పేదలకు పెద్ద దిక్కు సూరత్‌లోని న్యూ సివిల్, స్మిమెర్ ఆసుపత్రులు. తెలంగాణ నుంచి వెళ్లి సూరత్‌లో మరమగ్గాల మీద బతుకుతున్న మన పద్మశాలి కుటుంబాలకూ అంతే. ఒకరు మంచం పడితే పక్కన ఇద్దరు కనిపెట్టుకుని ఉంటారు. సాయంత్రానికి వాడకట్టంతా పలకరించి పోతుంది.

ఆ ఆప్యాయతను తప్పుపట్టలేం. భయమల్లా దాని వెంట వార్డులోకొచ్చే జలుబు గురించే. చూడవచ్చినాయనకు అది రెండు రోజుల తుమ్ములు. డయాలసిస్ మీదున్న మనిషికో, కీమో ఎక్కించుకుంటున్నవారికో, నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డుకో అదే న్యుమోనియాగా తిరగబడొచ్చు. ఏళ్ల తరబడి నూలు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులైతే మరీ కష్టం.

దక్షిణ కొరియాలోనూ రోగికి ఇంటివాళ్లే సేవ చేస్తారు. 2015లో మధ్యప్రాచ్యం నుంచి వచ్చిన ఒక్క ప్రయాణికుడితో అక్కడ ఊపిరితిత్తులను దెబ్బతీసే మెర్స్ వైరస్ అడుగుపెట్టింది. 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. వ్యాప్తి దాదాపు అంతా ఆసుపత్రుల్లోనే. కిక్కిరిసిన ఒక అత్యవసర విభాగంలో ఒకే రోగి నుంచి 80 మందికి పైగా అంటుకుంది. సోకినవారిలో సుమారు మూడో వంతు తోడుగా ఉన్నవారు, చూడవచ్చినవారు.

వైరస్ ఏ దారిన వస్తుందో తెలిస్తేనే అడ్డుకోగలం. పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టే ఆర్‌ఎస్‌వీ మీద అమెరికా వైద్యురాలు కరోలిన్ హాల్ 1981లో ప్రచురించిన ప్రయోగం చూడండి. సోకిన బిడ్డను ఎత్తుకుని లాలించిన ఏడుగురిలో ఐదుగురికి వైరస్ అంటింది. బిడ్డను ముట్టుకోకుండా, చీమిడి అంటిన వస్తువులను తాకి తమ కళ్లూ ముక్కూ ముట్టుకున్న పదిమందిలో నలుగురికి వచ్చింది. ఆరడుగులకు పైగా దూరంలో ఊరికే కూర్చున్న 14 మందిలో ఒక్కరికీ రాలేదు. అంటే ఇక్కడ చేతులదే పెద్ద పాత్ర. మనవడి ముక్కు కొంగుతో తుడిచి, అదే చేత్తో ఆక్సిజన్ గొట్టం సర్దే అమ్మమ్మకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. మంచం దగ్గరే శానిటైజర్ సీసా ఉండాలి.

ఫ్లూ, కోవిడ్ వైరస్‌లు గాలిలో తేలే సన్నటి తుంపర్లతోనూ పాకుతాయి. వాటికి చేతులు కడిగితే చాలదు. పెరూలోని లిమా ఆసుపత్రుల్లో గాలి ద్వారానే సోకే క్షయ నివారణ కోసం జరిపిన పరిశోధన 2007లో వెలువడింది. తలుపులూ కిటికీలూ తెరిస్తే గదిలో గాలి గంటకు దాదాపు 28 సార్లు మారింది. యంత్రాలున్న ప్రత్యేక గదులకు సిఫారసు చేసింది 12 సార్లే. ఎత్తు పైకప్పులు, పెద్ద కిటికీలున్న పాత భవనాల్లో 40 దాకా వెళ్లింది. మనం వాటిని పడగొట్టి, మూసేసిన ఏసీ గదులు కట్టుకుంటున్నాం. కిటికీ తెరవలేని చోట గాలిని వడకట్టే హెపా ఫిల్టర్ యంత్రమైనా పెట్టాలి.

1994 ప్లేగు తర్వాత సూరత్ పట్టుబట్టి వీధులు శుభ్రం చేసుకుంది. 1995లో వచ్చిన మున్సిపల్ కమిషనర్ ఎస్.ఆర్. రావు హయాంలో ఆ మార్పు దేశమంతా చూసింది. వార్డులోని గాలి విషయంలోనూ అంత పట్టుదల కావాలి. సిబ్బందికి ఏటా ఫ్లూ టీకా వేయాలి, జలుబు చేసిన నర్సుకు జీతం కోయకుండా సెలవివ్వాలి. రోగికి ఒక్క మనిషే తోడుండాలి, ఆ మనిషికి మాస్కు ఆసుపత్రే ఇవ్వాలి. దగ్గు ఉన్నవారు ఫోన్లోనే పలకరించాలి. ఈ మాటలు వార్డు గుమ్మం దగ్గర గుజరాతీ, హిందీలతో పాటు తెలుగులోనూ రాసి పెట్టాలి.