లింగమయ్య కోసం లోయలోకి...

కొండ దేవుడంటే మెట్లెక్కాలి. సలేశ్వరం లింగమయ్య కోసం మాత్రం లోయలోకి దిగాలి! అచ్చంపేట నుంచి మన్ననూరు దాటాక ఫర్హాబాద్ దగ్గర నల్లమల అడవిలోకి మళ్లాలి. బండ్లు ఆగిపోయే చోటు నుంచి కాలినడకే. అంతా రాళ్ల బాట, కొన్నిచోట్ల ఒక్క మనిషి పట్టేంత సందు. చివర్న, మండువేసవిలోనూ కొండకొమ్ము నుంచి గుండంలోకి దూకే జలధార. పక్కనే గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే.

చైత్ర పౌర్ణమి జాతరకే ఈ దారి తెరుస్తారు. అమ్రాబాద్ పులుల అడవి మరి! 2023లో మూడు రోజులే అనుమతిచ్చారు. జనం పోటెత్తారు. ఇరుకు దారిలో తోపులాట... భక్తుల ప్రాణాలు పోయాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారు తెల్లవారుజామునే దిగడం మేలు. చీకటి పడకముందే మళ్లీ పైకెక్కాలి కదా. తాగునీళ్లు స్టీలు సీసాలో పట్టుకెళ్లండి.