తోషాఖానా జోళ్ళు – మన ఊరి చెప్పులు

ఒక మనిషికి ఎన్ని జతల బట్టలు చాలును? ఎన్ని జతల జోళ్ళు చాలును? హైదరాబాదులోని పురానీ హవేలీలో ఈ ప్రశ్నకు టేకు కర్రతో చేసిన సమాధానమొకటి నేటికిని నిలిచియున్నది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ దుస్తుల కొరకు ఆ భవనములో ఒక పార్శ్వమంతయు బీరువాలతో నింపివేసిరి. ఆ హాలు పొడవు 150 అడుగులకు మించును. బీరువాలు రెండంతస్తులుగా నిలిచియుండును. పై వరుసను అందుకొనుటకు చేతితో త్రిప్పి నడుపు కొయ్య లిఫ్టు కూడ అమర్చబడినది. 2000 సంవత్సరము నుండి ఆ హవేలీలోనే నిజాము మ్యూజియము నడుచుచున్నది గనుక, ఎవరైనను పోయి దీనిని చూడవచ్చును.

మహబూబ్ పాషా 1866లో జన్మించి, మూడేండ్లయినను నిండకుండ 1869లో గద్దె నెక్కి, 1911లో గతించెను. తొడిగిన బట్ట మరల తొడుగడని పాతబస్తీలో చెప్పుకొందురు. బీరువాల కొలత చూచినవారికి ఆ మాట నమ్మవలెననియే తోచును. ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్ తీసిన పటములలో ఆయన ఒకచో షేర్వానీతోను, ఒకచో ఇంగ్లీషు సూటుతోను, వేరొకచో చచ్చిన పెద్దపులి ప్రక్కన వేట దుస్తులతోను కనిపించును. దర్బారునకు వచ్చువారికిని నియమములు తక్కువ కావు. తలపై దస్తారు, నడుమునకు బగులస్ అనెడి పట్టీ లేనిదే ప్రభువు సముఖమునకు పోరాదు. అట్లని ఆయన కేవలము అలంకారప్రియుడని కొట్టివేయుటకును వీలులేదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచినపుడు, తన భవనముల తలుపులు బాధితులకు తెరపించినవాడాయనయే.

ఇక జోళ్ళ సంగతి. సిమ్లా వర్తకుడు జేకబ్ తెచ్చిన వజ్రమును కొను విషయమున 1891లో కలకత్తా హైకోర్టు దాక వ్యాజ్యము నడచినది. వజ్రము తుదకు నిజాము చేతికే వచ్చినది గాని, ఆయనకు దానిపై మోజు తీరిపోయినది. తండ్రి మరణించిన తరువాత ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్‌కు అది పాత జోడు ముందుభాగములో దూర్చబడి దొరికినదని ప్రసిద్ధి. దాని బరువు 184.75 కారట్లు. కుమారుడు దానిని కాగితములపై బరువుగా వాడుకొనెనట! 1995లో భారత ప్రభుత్వము నిజాము ఆభరణములను కొన్నప్పుడు ఈ వజ్రము కూడ జాతి సొత్తయినది. ఉస్మాన్ అలీఖాన్ తీరు తండ్రి తీరునకు పూర్తిగ వ్యతిరేకము. లోకములో కెల్ల ధనికుడని పేరుండియు మాసిన షేర్వానీతోను, పాత రూమీ టోపీతోను ఏండ్లు గడపినవాడని ప్రతీతి. ఒకే ఇంట ఇట్టి తండ్రి, ఇట్టి కొడుకు!

అయితే ఈ తోషాఖానాకును సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ శ్రోతలకును సంబంధమేమి? ఈ మూడు ఊళ్ళును నాడు నిజాము రాజ్యములోని నల్లగొండ జిల్లాలోనివి. కోదాడ దాటి కొద్దిమైళ్ళు పోయినచో రాజ్యపు ఎల్లయే తగులును. ఎల్లకు ఆవల పంచె, కోటు, కండువా. ఈవల కచ్చేరీలలో షేర్వానీ, రూమీ టోపీ. తెలుగువాడే అయినను వకీలో ఉద్యోగియో అయినచో షేర్వానీ తొడిగెడివాడు. ఇప్పటికిని పాత ఇండ్లలో ట్రంకుపెట్టెల అడుగున అట్టి షేర్వానీలు ఉన్నచో ఆశ్చర్యపడనక్కరలేదు. పాత దుస్తులపై మక్కువగల యువతీయువకులు నేడు వానిని వెలికితీసి పెండ్లిండ్లకు ధరించుచున్నారు. మంచిదే. కాని ఆ మడతలలో ఇంకొక చరిత్ర కూడ ఉన్నది. దానిని దులిపివేయరాదని మా ఉద్దేశము.

చెప్పుల జత ఎట్లు తయారగునో మొదట చూతము. పల్లెలో మాదిగ వృత్తిదారుడు తోలును సున్నపు నీటిలో నానవేసి, వెండ్రుకలు గీకి, లందలో తంగేడు చెక్క ఊటలో వారాల తరబడి ఊరబెట్టెడివాడు. చెక్కలోని వగరు తోలులోనికి దిగినగాని అది కుళ్ళక నిలువదు. తరువాత ఎండనిచ్చి, కొట్టి మెత్తజేసి, రంపెతో కోసి, ఆరెతో పొడిచి తోలుదారముతో కుట్టవలెను. నడచినపుడు చప్పుడు చేయు కిర్రు చెప్పులకు పల్లెలలో ఎంతో గిరాకి. మనిషి కనబడక ముందే చెప్పు వినబడవలెను గదా! రైతునకు చెప్పులేగాక మోటబొక్కెన, తొండము, పగ్గములు సమకూర్చినందుకు కళ్ళమున గింజలు ముట్టెడివి. చెమటకు కొలత తక్కువయే గాని, అది ఒక లెక్క.

దేశ్‌ముఖుల గడీలో ఆ లెక్కయును లేదు. వెట్టి అనెడి ఆచారము క్రింద దొర ఇంటిల్లిపాదికి చెప్పులు ఊరకనే కుట్టి ఈయవలెను. సాలెవాడు బట్టను, కుమ్మరి కుండను, చాకలి తన రెక్కల కష్టమును అట్లే ఈయవలెను. కుట్టినవాడు మాత్రము గడీ ముందు నుండి పోవునపుడు చెప్పులు విడిచి చేతబట్టుకొని నడువవలెను! సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి ఒక్కనికే లక్షన్నర ఎకరములుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ గ్రంథములో వ్రాసిరి. అంత భూమి ఒక చేతిలోనున్నచోట ధర అడుగగల చెప్పరి ఎవడు? ఆంధ్రజన సంఘము తరఫున మాడపాటి హనుమంతరావుగారు మొదలైనవారు వెట్టికి వ్యతిరేకముగ పనిచేసిరి. రాజధాని నుండి నిషేధపు ఉత్తరువులు వెలువడినను అవి గడీల గుమ్మము దాటి లోనికి పోలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలియైన పిదప ఊరూర రేగిన పోరాటములో గాని వెట్టి కూలలేదు. ఆ పోరాటమునకు సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు ముఖ్యమైన క్షేత్రములు. పోరాటగాథలలో భూమి మాట విరివిగా వినవచ్చును. కాలికి చెప్పుతో గడీ ముందు నడచుట కూడ ఒక గెలుపే అని మేము ఎంచుచున్నాము.

ఈ ప్రాంతపు మరియొక పాత వేషము తేలియా రుమాలు. పాత నల్లగొండ జిల్లాలోని పుట్టపాక నేతగాండ్రు దీనిని నేటికిని నేయుచున్నారు. నూలును నూనెలోను, ఆముదపు కాయల పెంకులు కాల్చిన బూడిద నీటిలోను మార్చిమార్చి రోజుల తరబడి పదును చేయుదురు. అందువలన ఎరుపు రంగు గాఢముగ పట్టును, బట్ట మెత్తబడును, నూనె వాసన చాలకాలము నిలుచును. తేలియా అనగా నూనెగలది. తలపాగాగా చుట్టుకొనుటకు అరబ్బు దేశములకు కూడ ఇవి ఎగుమతియైనవి. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. నిజమైన రుమాలులో రంగు నేతకు ముందే నూలుకు ఎక్కును గనుక బొమ్మ రెండు ప్రక్కల సమానముగ కనబడును. అంచుల వద్ద కొంచెము చెదరినట్లుండును. ఒక ప్రక్క వెలవెలబోయినచో అది అచ్చు వేసిన బట్ట.

ఇట్టివి ఇంటనున్నవారు ఏడాదికి రెండుసార్లు నీడలో ఆరబెట్టి, మడతలు మార్చి, ఉతికిన తెల్లని నూలుగుడ్డలో చుట్టి ఉంచవలెను. పాత మడత మీదనే మరల మడచినచో జరీ అచ్చటనే తెగును. కర్పూరపు ఉండలను జరీకి తాకనీయరాదు. పాత జోళ్ళను తడిగుడ్డతో తుడువరాదు, ఎండబెట్టరాదు. లోపల మెత్తని గుడ్డ కుక్కి ఆకృతి చెడకుండ చూడవలెను. వానితోపాటు ఒక చీటీ కూడ ఉంచుట మేలు: ఎవరు తొడిగినది, ఏ ఊరిలో నేసినది, ఎవరు కుట్టినది. ఇంటి పెద్దలు జ్ఞాపకము చెప్పగలిగి యుండగనే దానిని వ్రాయించుకొనవలెను. పురానీ హవేలీ బీరువాల ముందు నిలిచినవారికి ప్రభువు పేరు దొరకును గాని, జోళ్ళు కుట్టినవాని పేరు దొరకదు.