యజమాని లేని చిట్టా

రూపాయి నాణెము ఒకే సమయమున ఇద్దరి చేతులలో ఉండజాలదు. ఒకడు దానిని అంగడిలో ఇచ్చిన పిమ్మట అది వాని వద్ద మిగులదు. లోహపు ద్రవ్యమునకు గల ఈ గుణము మిక్కిలి సహజమైనది గనుక దానిని గురించి ఎవరును ఆలోచింపరు. కాని కంప్యూటరులో దాచిన అంకె సంగతి వేరు. ఒక ఫోటోను పదిమందికి పంపినను పంపినవాని వద్ద దాని ప్రతి మిగిలియే యుండును. అట్లే అంకెల రూపమున నున్న నాణెమును ఒకడు ఉదయము ఒక వర్తకునకు, సాయంకాలము మరియొక వర్తకునకు ఇచ్చి ఇరువురను మోసగింపవచ్చును. ఒకే నాణెమును రెండుమార్లు ఖర్చుచేయు ఈ చిక్కు అంకెల ద్రవ్యమునకు మొదటి శత్రువు.

బ్యాంకులు ఈ చిక్కును సులభముగా విడదీసినవి. అందరి లెక్కలును బ్యాంకు తన చిట్టాలో వ్రాసికొనును. రామయ్య కృష్ణయ్యకు నూరు రూపాయలు పంపినచో రామయ్య ఖాతాలో నూరు తగ్గించి, కృష్ణయ్య ఖాతాలో నూరు కలుపును. లేని సొమ్మును పంపబోయినచో నిరాకరించును. ఇందు కావలసినది ఒక్కటే: చిట్టా వ్రాయువానిపై నమ్మకము.

ఆ చిట్టాకు యజమాని లేకుండ చేయుట సాధ్యమా? ఇది గణిత ప్రశ్న. రాజకీయ ప్రశ్న కూడ. అమెరికాలో కొందరు ఇంజనీర్లు దీనికి సమాధానము వెదకుచు ఇరువది యేండ్లకు పైగా శ్రమించిరి. వారిలో హాల్ ఫిన్నీ ఒకడు. యంత్రములను గురించి, ద్రవ్యమును గురించి, ప్రభుత్వమును గురించి ఆయనకు గల భావములు ఒకదానితో ఒకటి ముడివడి యున్నవి. వానిని తెలిసికొన్నచో బిట్‌కాయిన్ అనునది ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తేటపడును.

రహస్యలిపి, వ్యక్తి స్వేచ్ఛ

ఫిన్నీ 1956లో కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించెను. 1979లో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థ నుండి ఇంజనీరింగు పట్టము పొందెను. మొదట వీడియో ఆటలను తయారుచేసి, తరువాత రహస్యలిపి శాస్త్రము వైపు మరలెను. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అను నాతడు సామాన్యులు తమ ఉత్తరములను రహస్యముగా పంపుకొనుటకు ‘పి.జి.పి.’ అను ప్రోగ్రామును విడుదల చేసెను. దానిని మెరుగుపరచుటలో జిమ్మర్‌మన్‌కు తోడ్పడినవారిలో ఫిన్నీ ముఖ్యుడు.

ఆ ప్రోగ్రాము వెనుక నున్న సూత్రము ముచ్చటైనది. ప్రతివానికి రెండు తాళపుచెవు లుండును. ఒకటి లోకమున కంతకు తెలిసినది. రెండవది తనకు మాత్రమే తెలిసిన రహస్యము. ఒకదానితో వేసిన తాళము రెండవదానితోనే తెరువబడును. బహిరంగపు చెవితో ఎవరైనను అతనికి రహస్యముగా ఉత్తరము వ్రాయవచ్చును. రహస్యపు చెవితో అతడు చేసిన సంతకమును ఎవరైనను సరిచూడవచ్చును, కాని ఎవరును దొంగ సంతకము చేయజాలరు. ఇచ్చట తాళపుచెవి యనగా మిక్కిలి పెద్ద సంఖ్యయే.

బలమైన రహస్యలిపిని ఆనాటి అమెరికా చట్టము యుద్ధసామగ్రితో సమానముగా చూచెడిది. జిమ్మర్‌మన్‌పై 1993లో విచారణ మొదలై, 1996 జనవరిలో నేరారోపణ యేదియు లేకుండ ముగిసెను. కొన్ని సంఖ్యలను, సూత్రములను దేశము దాటించుట నేరమా యను వాదము ఆ కాలమున బయలుదేరెను. 1992లో కాలిఫోర్నియాలో ఏర్పడిన ‘సైఫర్‌పంక్‌’ బృందము ఈ వాదమున స్వేచ్ఛ పక్షము వహించెను. వ్యక్తి మాట, వ్యక్తి ఆస్తి, వ్యక్తి లావాదేవీలలో ప్రభుత్వ జోక్యము వీలయినంత తక్కువగా ఉండవలె ననునది ఆ బృందములో పలువురి మతము. ఫిన్నీ అందులో చేరెను.

ఆయన వాదము ఇట్టిది. మనిషి ఏమి కొనెను, ఎవరికి డబ్బు పంపెను, ఎచ్చటికి ప్రయాణమయ్యెను అను విషయములు అన్నియు కంప్యూటరులలో చేరుచున్నవి. ఈ సమాచారము గలవానికి మనుష్యులపై పెత్తనము చిక్కును. కాని అదే కంప్యూటరును మనిషిని అదుపు చేయుటకు గాక, అతనిని విడిపించి కాపాడుటకు కూడ వాడవచ్చును. చట్టము వచ్చి రక్షించు నని ఎదురుచూచుటకంటె తగిన పనిముట్టును తయారుచేసి ప్రజల చేతిలో పెట్టుట మేలని ఆయన తలచెను.

ద్రవ్యముపై అధికార మెవరిది?

ఈ భావమే ద్రవ్యము విషయమునకు ప్రాకెను. ఆర్థిక శాస్త్రములో 1974లో నోబెల్ బహుమానము నందుకొన్న హాయక్, 1976లో ఒక గ్రంథమున, ద్రవ్యము ముద్రించు గుత్తాధికారము ప్రభుత్వమునకు ఉండరాదని వాదించెను. స్వేచ్ఛావాదులు ఇందుకు చరిత్ర నుండి ఉదాహరణలు చూపుదురు. 1923 నవంబరులో జర్మనీయందు ఒక్క అమెరికా డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరెను. జింబాబ్వేలో 2009 జనవరిలో 100 లక్షల కోట్ల డాలర్ల నోటు వెలువడెను. ఇట్టి వేళలలో జీవితాంతము దాచుకొన్న సొమ్ము ఒక రొట్టె కొనుటకైనను చాలదు. పన్ను వేయకుండగనే ప్రజల పొదుపు హరించిపోవును.

ఎదుటి పక్షమువారి వాదమునకును బలము కలదు. అట్టి విపత్తులు యుద్ధముల వలన, దుష్పరిపాలన వలన కలిగినవి. సాధారణ కాలమున ద్రవ్య పరిమాణమును అవసరమును బట్టి పెంచగల శక్తి కేంద్ర బ్యాంకునకు ఉండుటయే మేలు. ఆర్థిక మాంద్యమున ఆ శక్తియే బ్యాంకులను, ఉద్యోగములను నిలుపునని వారందురు. ఈ తగవు నేటికిని తీరలేదు.

యజమాని లేని ద్రవ్యమునకు ప్రయత్నములు ఒకదాని వెంట ఒకటి జరిగెను. డేవిడ్ చౌమ్ అను శాస్త్రవేత్త ఖర్చుచేసిన వాని ఆచూకీ తెలియని అంకెల నాణెములను కనుగొని, వానికొరకు ఒక కంపెనీ పెట్టెను. 1998లో కంపెనీ దివాలా తీయగా, నాణెములును దానితోనే పోయెను. 1997లో ఆడమ్ బ్యాక్, కంప్యూటరు చేసిన శ్రమకు రుజువు చూపు పద్ధతిని ప్రతిపాదించెను. దాని ఆధారముగా ఫిన్నీ 2004లో తన పద్ధతిని నిర్మించెను. అందును ఖర్చయిన నాణెముల పట్టీ ఒకే కంప్యూటరులో ఉండెను. యజమాని ఇంకను మిగిలియే యుండెను.

అందరి చేతిలో ఒకే చిట్టా

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అను పేరుతో తొమ్మిది పుటల వ్యాసము వెలువడెను. ఆ పేరు గలవా రెవరో నేటికిని లోకమునకు తెలియదు. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ చిట్టాలో మొదటి పుట వ్రాయబడెను. బ్రిటిషు ప్రభుత్వము బ్యాంకులను మరల ఆదుకొనబోవుచున్నదని తెలుపు ఆనాటి పత్రికా శీర్షిక ఆ పుటలో చేర్చబడెను. యంత్రముతో పాటు రాజకీయ భావమును కూడ అందు పొదిగినట్లయ్యెను. జనవరి 12న సతోషి పది బిట్‌కాయిన్లను ఫిన్నీకి పంపెను. ఒకరు మరియొకరికి బిట్‌కాయిన్లను పంపుట అదియే మొదలు.

ఇందు చిట్టా ఒకచోట ఉండదు. దాని ప్రతులు లోకమంతట వేలకొలది కంప్యూటరులలో ఉండును. డబ్బు పంపువాడు తన రహస్యపు చెవితో సంతకము చేసి ఆ సంగతి అందరికి ప్రకటించును. సుమారు పది నిమిషముల లావాదేవీలు ఒక పుటగా చేరును. ఈ పుటను ‘బ్లాకు’ అందురు.

పుటలు తారుమారు కాకుండ కాపాడునది ‘హాష్’ అను గణిత ప్రక్రియ. ఎంత పెద్ద వ్రాత నిచ్చినను అది 64 గుర్తులు గల ఒక ముద్రను ఇచ్చును. వ్రాతలో ఒక్క అక్షరము మారినను ముద్ర పూర్తిగా మారిపోవును. ప్రతి పుటలోను వెనుకటి పుట ముద్ర వ్రాయబడును గనుక పుటలు గొలుసువలె ముడిపడును. వెనుకటి పుటను దిద్దినచో ఆ తరువాతి ముద్ర లన్నియు తప్పిపోవును.

కొత్త పుట చేర్చుట కొక పరీక్ష కలదు. పుట చివర ఒక సంఖ్యను చేర్చి, దాని ముద్ర కొన్ని సున్నలతో ఆరంభమగునట్లు చేయవలెను. ఏ సంఖ్య సరిపోవునో ముందు చెప్పుటకు వీలులేదు, ఒక్కొక్కటిగా ప్రయత్నింపవలసినదే. ముద్రలోని ప్రతి స్థానమున 16 గుర్తులలో ఒకటి రావచ్చును. కాబట్టి మొదటి గుర్తు సున్న యగుటకు సంభావ్యత 16లో ఒకటి. మొదటి రెండును సున్న లగుటకు 256లో ఒకటి. మొదటి ఆరును సున్న లగుటకు 1,67,77,216లో ఒకటి. నేటి బిట్‌కాయిన్ కోరు సున్నలు ఇంతకంటె చాల ఎక్కువ. తాళమునకు సరిపోవు చెవిని వెదకుట కష్టము. సరిపోయినదో లేదో చూచుట క్షణములో పని. మోసగాడు పాత పుటను మార్చదలచినచో ఆ పుటతో పాటు తరువాతి పుటల శ్రమను గూడ మరల చేసి, తక్కిన లోకమును దాటిపోవలెను. మొత్తము గణన శక్తిలో సగమునకు మించి అతని వద్ద ఉన్నగాని ఇది నమ్మదగిన రీతిలో సాధ్యపడదు.

పుట చేర్చినవానికి బహుమానముగా కొత్త నాణెములు లభించును. మొదట పుటకు 50. ప్రతి 2,10,000 పుటలకు అది సగమగును. 2012, 2016, 2020, 2024 సంవత్సరములలో నాలుగు మార్లు తగ్గి 3.125 అయినది. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఇందులో గుణశ్రేఢిని గుర్తింపవచ్చును. 1 + 1/2 + 1/4 + … మొత్తము 2 గనుక, 2,10,000 × 50 × 2 = 2,10,00,000. రెండు కోట్ల పది లక్షలకు మించి బిట్‌కాయిన్లు ఎన్నటికిని ఉండవు. ఏ ప్రభుత్వమును పెంచజాలని ద్రవ్యము స్వేచ్ఛావాదులకు లభించినది.

ఉత్సాహి చూచిన హద్దులు

బిట్‌కాయిన్ పుట్టిన కొద్ది దినములకే ఫిన్నీ ఒక లెక్క వేసెను. లోకములోని కుటుంబముల సంపద 100 నుండి 300 లక్షల కోట్ల డాలర్లని అంచనా. బిట్‌కాయిన్ లోకమునకంతకు ప్రధాన ద్రవ్యమైనచో రెండు కోట్ల నాణెములలో ఒక్కొక్కటి సుమారు కోటి డాలర్లు చేయునని ఆయన చెప్పెను. అది జోస్యము కాదు. జరిగినచో ఎంత యగునో చూపు లెక్క.

అయితే ఆయన ఉత్సాహము కన్నులు మూసికొన్నది కాదు. అదే జనవరిలో, బిట్‌కాయిన్ వ్యాపించినచో వెలువడు బొగ్గుపులుసు వాయువును తగ్గించు టెట్లని ఆలోచించుచున్నట్లు ఆయన వ్రాసెను. నేడు బిట్‌కాయిన్ గణనలకు ఖర్చగు విద్యుత్తును నిపుణులు ఒక దేశము వాడు విద్యుత్తుతో పోల్చుచున్నారు.

2010 డిసెంబరులో ఆయన మరియొక సంగతి చెప్పెను. లోకములోని ప్రతి చిన్న చెల్లింపును అందరి చిట్టాలో వ్రాయుట అసాధ్యము. కావున బిట్‌కాయిన్లను నిలువగా ఉంచుకొని తమ ద్రవ్యమును జారీచేయు బ్యాంకులు వచ్చునని ఆయన ఊహించెను. సెకనుకు సుమారు ఏడు లావాదేవీలే ఆ చిట్టాలో పట్టును. అనగా దినమునకు ఆరు లక్షలు. మన దేశమున యు.పి.ఐ. ద్వారా 2023 ఆగస్టు నెలలోనే వెయ్యి కోట్లకు పైగా చెల్లింపులు జరిగెను. అనగా దినమునకు ముప్పది కోట్లకు మించినవి. బ్యాంకు అక్కరలేని ద్రవ్యమును కోరినవాడే దానికి బ్యాంకులు కావలసివచ్చు నని గ్రహించెను.

గణితము ఆగు చోటు

2010 ఆగస్టు 15న ఒక చిత్రము జరిగెను. ప్రోగ్రాములోని దోషమును ఉపయోగించి ఎవరో 18,400 కోట్లకు మించిన బిట్‌కాయిన్లను సృష్టించిరి. కొద్ది గంటలలో దోషమును సవరించి, ఆ పుటను విడిచి, అందరును సరియైన చిట్టాకు మారిరి. కంప్యూటరులు ఆ దొంగ పుటను అంగీకరించినవి. దానిని త్రోసిపుచ్చవలెనని నిశ్చయించినది మనుష్యులు. 2017లో పుట పరిమాణము పెంచుటను గురించి వివాదము పుట్టి, ఒక పక్షము విడిపోయి వేరు నాణెమును నెలకొల్పెను. ప్రభుత్వము లేనిచోట కూడ పక్షములు, వాదములు, సంధులు తప్పలేదు.

నమ్మకము వేరు దారులలోను తిరిగి వచ్చినది. రహస్యపు చెవిని స్వయముగా కాపాడుకొనుట కష్టమని పలువురు తమ నాణెములను మారక సంస్థల వద్ద దాచుకొనిరి. 2014లో టోక్యోలోని అట్టి సంస్థ యొకటి లక్షలకొలది నాణెములు పోయినవని ప్రకటించి దివాలా తీసెను. నాణెముల సంఖ్య స్థిరమే గాని విలువ స్థిరము కాలేదు. 2021 నవంబరులో ఒక నాణెము సుమారు 69,000 డాలర్లు పలికెను. ఏడాదికి 16,000 డాలర్ల దరిదాపులకు దిగెను. ఎల్ సాల్వడార్ దేశము 2021 సెప్టెంబరులో బిట్‌కాయిన్‌ను చట్టబద్ధ ద్రవ్యముగా చేసి, 2025 జనవరిలో వర్తకులు దానిని తప్పక స్వీకరింపవలె నను నియమమును తొలగించెను. మన దేశమున రిజర్వు బ్యాంకు 2018లో విధించిన ఆంక్షలను 2020 మార్చి 4న సుప్రీం కోర్టు కొట్టివేసెను. 2022లో ప్రభుత్వము ఇట్టి ఆస్తుల లాభముపై 30 శాతము పన్ను విధించెను. కాని వానిని చెల్లుబడి యగు ద్రవ్యముగా గుర్తింపలేదు.

2009 ఆగస్టులో ఫిన్నీకి కండరములను నడపు నాడీకణములు క్రమముగా నశించు వ్యాధి కలదని తేలెను. కాలుసేతులు చచ్చుబడిన పిమ్మట కంటి కదలికను గుర్తించు యంత్రముతో ఆయన ప్రోగ్రాములు వ్రాయుచుండెను. 2013లో ఆయన తన బిట్‌కాయిన్లను గూర్చి వ్రాసెను: అవి సేఫ్ డిపాజిట్ పెట్టెలో భద్రముగా ఉన్నవనియు, తన కుమారుడు, కుమార్తె ఈ విద్య తెలిసినవారే గనుక చింత లేదనియు తెలిపెను. 2014 ఆగస్టు 28న మరణించెను.

దొంగ సంతకమును పట్టుకొనుట, ఒకే నాణెము రెండుమార్లు ఖర్చుగాకుండ చూచుట గణితము చేయగలదు. ఇది చిన్న విజయము కాదు. తాళపుచెవిని ఎవరి చేతిలో పెట్టవలెనో, నియమము తప్పయినపుడు దానిని ఎవరు దిద్దవలెనో అది చెప్పజాలదు. అందుకు ఫిన్నీ కూడ ఒక పెట్టెను, తన బిడ్డలను నమ్మవలసివచ్చెను.