తండ్రికి తెలిసిన ఆంగ్లం

“నాన్నగారితో మాత్రం అనకు.” ఈ మాట వినని తెలుగు పిల్లవాడు అరుదు. పరీక్ష తప్పినప్పుడో, బడి జీతం డబ్బులు మరొకందుకు ఖర్చయిపోయినప్పుడో వంటింటి గడపలో నిలిచి తల్లి గొంతు తగ్గించి అనే మాట ఇది. ఆంగ్ లీ అనే తైవాను దర్శకుడు 1993లో తీసిన ‘ది వెడ్డింగ్ బాంక్వెట్’ చిత్రంలో ఒక చీనా తల్లి కూడా కుమారునితో ఇట్టి మాటే అంటుంది. అయితే అక్కడ దాచవలసినవి మార్కులు కావు.

ఆ కుమారుడు వైటుంగ్. న్యూయార్కులో ఇండ్లు అద్దెకిచ్చి బాగుగానే ఆర్జిస్తున్నాడు. సైమన్ అనే అమెరికన్ యువకుడు, అతడు దంపతులవలె ఒకే ఇంట జీవిస్తున్నారు. తైవానులోని తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియదు. తండ్రి గావో సైన్యంలో జనరల్‌గా పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి. మనుమని ముఖం చూడాలని ఆయన కోరిక. ఉత్తరాల పోరు పడలేక, సైమన్ సలహా మీదనే, వైటుంగ్ తన ఇంట అద్దెకున్న వేవే అనే షాంఘై చిత్రకారిణిని పేరుకు పెండ్లాడటానికి సిద్ధపడతాడు. ఆమెకు అమెరికాలో నివసించటానికి అనుమతి పత్రం కావాలి, అతని తల్లిదండ్రులకు కోడలు కావాలి. బేరం కుదిరింది.

ఇక హాస్యరసానికి కొదవేమి? తల్లిదండ్రులు విమానం దిగుతారు. ప్రభుత్వ కార్యాలయంలో జరిగిన తూతూ మంత్రపు పెండ్లి చూచి తల్లి కన్నీరు పెట్టుకొంటుంది. సైన్యంలో జనరల్ గారి క్రింద పనిచేసిన ఒక భోజనశాల యజమాని అది సహించలేక ఘనంగా విందు చేస్తాడు. ఈ విందు ఘట్టం కొంచెం దీర్ఘమైనదని నా అభిప్రాయం. ఆ రాత్రి మద్యపు మత్తులో వేవే గర్భవతి కావటం కథకుని సౌకర్యమే గాని, పాత్రల స్వభావం నుండి పుట్టినది కాదు. పైగా మగవారి అబద్ధానికి మూల్యం చెల్లించినది ఆ పిల్ల. చిత్రం ఆ సంగతిని తేలికగా దాటిపోయింది.

అసలు నాటకం ఒక ఉదయం ఫలహారపు బల్ల దగ్గర మొదలవుతుంది. గర్భం సంగతి తెలిసి సైమన్ మండిపడతాడు. ముగ్గురూ ఆంగ్లంలో కేకలు వేసుకొంటారు. వృద్ధ దంపతులకు ఆ భాష రాదు గదా అని వారి ధైర్యం. కొద్దికాలానికే తండ్రి తేలికపాటి పక్షవాతంతో ఆసుపత్రి పాలవుతాడు. అక్కడ వైటుంగ్ తల్లికి నిజం చెప్పివేస్తాడు. ఆమె మొదట సైమన్‌ను అనుమానిస్తుంది. తాను పుట్టుకతోనే ఇట్టివాడనని కొడుకు చెప్తాడు. తండ్రికి తెలిస్తే ప్రాణం పోతుందని, చెప్పవద్దని ఆమె వేడుకొంటుంది.

తరువాత ఒకనాడు జనరల్, సైమన్ నీటి ఒడ్డున కూర్చుంటారు. వృద్ధుడు ఎర్రని కవరు ఒకటి తీసి సైమన్ చేతిలో పెట్టి, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్తాడు, ఆంగ్లంలో! చీనా ఇండ్లలో పెద్దలు ఇంటివారిని ఆశీర్వదించి డబ్బు పెట్టి ఇచ్చే కవరు అది. కొత్త కోడలికి ఇచ్చేది కూడా అదే. తాను చూచానని, విన్నానని, నేర్చుకొన్నానని, వైటుంగ్ తన కొడుకు గనుక సైమన్ కూడా కొడుకేనని ఆయన ముక్కలు ముక్కలుగా అంటాడు. వెంటనే ఈ మాట భార్యతో గాని, కొడుకుతో గాని, కోడలితో గాని అనవద్దని ఒట్టు పెట్టించుకొంటాడు. వీరిని అబద్ధమాడనీయకపోతే తనకు మనుమడు దక్కేవాడా అన్నది ఆయన లెక్క. ఈయన కూడా యౌవనంలో పెద్దలు కుదిర్చిన పెండ్లి తప్పించుకోవటానికి ఇల్లు విడిచి సైన్యంలో చేరినవాడే.

ఆ సంవత్సరం బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రం ఉత్తమ బహుమతిని మరొక చీనా చిత్రంతో పంచుకొన్నది. మన సుప్రీంకోర్టు 2018లో స్వలింగ ప్రేమ నేరం కాదన్నది. తైవాను 2019లో ఇట్టి వివాహాలను చట్టబద్ధం చేసింది. కాని ఇంటిలో నోరు తెరచి చెప్పటం అనే పనికి మన భాషలో స్థిరమైన మాట ఇంకా ఏర్పడలేదు. ‘గుట్టు బయటపెట్టటం’ అంటే నేరం ఒప్పుకొన్నట్లుంటుంది. ‘మనసు విప్పటం’ అన్నది కొంత నయం. అయితే వినేవాడు ఏమి చేయాలో ఆ మాట చెప్పదు. నా ఉద్యోగ జీవితంలో ఏదో చెప్పబోయి, గొంతు పెగలక, ఛందస్సులో ఒక సందేహమడిగి వెళ్ళిపోయిన విద్యార్థులు ఒకరిద్దరున్నారు. నేను గణవిభజన వివరించి పంపాను. ఎర్రని కవరు చూచినప్పుడు వారు జ్ఞప్తికి వచ్చారు.

చివరకు బిడ్డను కనటానికే వేవే నిశ్చయించుకొంటుంది. సైమన్ కూడా ఆ బిడ్డకు తండ్రిగా ఉంటాడు. విమానాశ్రయంలో అందరూ పెండ్లి ఫోటోలు చూస్తారు. భార్యకు తెలిసినది భర్తకు చెప్పలేదు, భర్తకు తెలిసినది భార్యకు చెప్పలేదు. ఇద్దరూ కలిసి విమానం వైపు నడుస్తారు. సోదా చేసే ఉద్యోగి ముందు జనరల్ నెమ్మదిగా రెండు చేతులూ పైకెత్తుతాడు.