ఇరవై నాలుగో వంతు కారు ఎంత నిజం?

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి దూరం 2,400 మిల్లీమీటర్లు. దాన్ని 24తో భాగిస్తే సరిగ్గా 100 వస్తుంది. అంటే 1/24 స్కేలు అని పెట్టె మీద రాసి అమ్మే బీటిల్ కిట్ ఏదైనా సరే, ముక్కలన్నీ అతికించాక ఇరుసుల మధ్య పది సెంటీమీటర్లు ఉండి తీరాలి. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు చాలు, కిట్ మాట మీద నిలబడిందో లేదో తేల్చడానికి. ఫ్రాన్సు వాళ్ల సిట్రోయెన్ 2సీవీకి కూడా ఆ దూరం 2,400 మిల్లీమీటర్లే. మోడల్ కారును కొలిచి చూడాలనుకునేవారు ఈ రెండింటితో మొదలుపెట్టడం మేలు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత సామాన్యుల కోసం వచ్చిన చవక కార్లంటే కిట్ కంపెనీలకు ఎప్పుడూ మక్కువే. జపాన్ కంపెనీ తమియా 1966 నాటి బీటిల్‌ని, ఫియట్ 500ఎఫ్‌ని చేసింది. హసెగావా సుబారు 360ని, రెవెల్ తూర్పు జర్మనీ ట్రాబంట్‌ని చేశాయి. ఇటలేరి అయితే ఫియట్ 500ని ఏకంగా 1/12 స్కేలులో తెచ్చింది. చిన్న కారు కాబట్టి మోడల్ చేయడం తేలిక అనుకుంటాం. నిజానికి కష్టమే ఎక్కువ. పెద్ద కారులో క్రోమ్ పట్టీలు, జాలీలు, రెక్కలు ఉంటాయి. చూపు వాటి మీద పడి ఒంట్లోని లోపం దాగిపోతుంది. ఫియట్ 500లో దాగడానికి చోటు లేదు. ఉన్నదల్లా నాలుగు వంపులు, రెండు గుండ్రటి దీపాలు. వాటిలో ఏది గాడి తప్పినా కారు మొహమే మారిపోతుంది.

ముందు స్కేలు సంగతి. 1/24 అంటే అడుగుకు అర అంగుళం. అంగుళాల్లో పనిచేసేవాళ్లకు లెక్క సులువుగా ఉంటుందని అది స్థిరపడింది. అమెరికాలో 1/25 కూడా అంతే వాడుకలో ఉంది. వినడానికి పెద్ద తేడా అనిపించదు గానీ, 1/25లో బీటిల్ ఇరుసుల దూరం 96 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. రెండు స్కేళ్ల బీటిళ్లను పక్కపక్కన పెడితే ఒకటి రెండోదానికి తమ్ముడిలా ఉంటుంది.

ఇక అచ్చు. కిట్ ముక్కలు పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. కరిగిన ప్లాస్టిక్‌ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపుతారు. చల్లారేటప్పుడు అది దాదాపు అర శాతం కుంచించుకుపోతుంది. 170 మిల్లీమీటర్ల బీటిల్ బాడీ మీద ఆ అర శాతం 0.85 మిల్లీమీటరు. అసలు కారు మీద లెక్కేస్తే రెండు సెంటీమీటర్లు. అందుకే అచ్చును ఆ మేరకు పెద్దదిగా చెక్కుతారు. అయినా మందంగా ఉన్న చోటు నిదానంగా, పలచటి చోటు త్వరగా చల్లారడంతో ముక్క అక్కడక్కడా మెలి తిరుగుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు ముక్కను అచ్చులోంచి బయటికి తీయడంలో ఉంది. ఇడ్లీ పళ్లెంలో గుంట పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉంటుంది కనకే ఇడ్లీ తేలిగ్గా లేచి వస్తుంది. అచ్చు గోడలకూ అలాంటి వాలు ఒకటి రెండు డిగ్రీలైనా ఉండాలి. కారు ఒళ్లు అలా ఉండదు. తలుపుల కింద రేకు లోపలికి ముడుచుకుంటుంది, బీటిల్ మడ్‌గార్డు చక్రం పైన గొడుగులా వంగుతుంది. అచ్చు పైకీ కిందికీ మాత్రమే తెరుచుకుంటే ఆ లోపలి వంపులు రావు. ప్లాస్టిక్ అక్కడే ఇరుక్కుంటుంది. అందుకని పాత కిట్లలో ఆ వంపుల్ని సాపు చేసేసేవారు, లేదా మడ్‌గార్డుల్ని విడి ముక్కలుగా ఇచ్చేవారు. నాలుగు పక్కలా జరిగే అచ్చులు వచ్చాక బాడీ మొత్తాన్ని ఒకే ముక్కగా, వంపులు చెడకుండా తీయడం సాధ్యమైంది.

మందం విషయంలో మాత్రం కిట్‌ని క్షమించాల్సిందే. అసలు కారు రేకు మిల్లీమీటరు కంటే పలచన. 24తో భాగిస్తే 0.04 మిల్లీమీటరు కూడా ఉండదు. అంత పలచటి ప్లాస్టిక్ గోడను అచ్చు పోయడం, పోసినా చేత్తో పట్టుకోవడం కుదిరే పని కాదు. కిట్‌లో గోడ మందం ఒక మిల్లీమీటరు ఉంటే, లెక్క ప్రకారం అది 24 మిల్లీమీటర్ల ఉక్కు పలకతో సమానం. కిటికీ అంచులు మొద్దుగా కనిపించేది అందుకే. నేర్పరులు లోపలి నుంచి ఆకురాయితో అరగదీసి అంచును మాత్రం పలచన చేస్తారు.

కొన్ని పాత కిట్లు తప్పడానికి కారణం వేరు. అరవైల్లో జపాన్ కిట్లలో చిన్న మోటారు, బ్యాటరీలు పెట్టి నడిపించడం రివాజు. మోటారుకు చోటు కావాలి కాబట్టి నేల ఎత్తు పెరిగేది, సీట్లు కురచయ్యేవి. ఈ రోజు సైనిక వాహనాల మోడళ్లలో రాజ్యమేలుతున్న 1/35 స్కేలు కూడా తమియా తన పాంథర్ ట్యాంకులో బ్యాటరీలు పట్టేలా చూసుకోవడం వల్ల పుట్టిందే.

ఇంత సూక్ష్మమైన తేడాలు కంటికి ఆనతాయా? మోడల్‌ని మనం 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తాం. 1/24 లెక్కన అసలు కారును 7.2 మీటర్ల దూరం నుంచి చూడటంతో అది సమానం. ఆరోగ్యమైన కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు వరకూ విడదీసి చూడగలదు. 30 సెంటీమీటర్ల దూరంలో అది దాదాపు 0.09 మిల్లీమీటరు, అసలు కారు మీద రెండు మిల్లీమీటర్లు. గీతతో గీత కలిసిందా లేదా అన్న దగ్గర కన్ను ఇంతకంటే నిశితంగా ఉంటుంది.

వంపుల్ని పట్టుకోవడానికి మంచి ఉపాయం ప్రతిబింబం. రంగు వేసి మెరుగు పెట్టిన బీటిల్‌ని ట్యూబ్‌లైటు కింద పట్టుకుని మెల్లగా తిప్పండి. బానెట్ మీదుగా తెల్లటి గీత జారుతుంది. వంపు సరిగా ఉంటే ఆ గీత నీళ్లు పారినట్టు సాగుతుంది. ఎక్కడో చిన్న చదును ఉంటే అక్కడ తటాలున విరుగుతుంది. తలం ఒక డిగ్రీ తప్పితే ప్రతిబింబం రెండు డిగ్రీలు పక్కకు పోతుందన్నది బళ్లో చదువుకున్న పరావర్తన సూత్రమే. అంటే క్యాలిపర్స్‌కు దొరకని తప్పును వెలుగు రెట్టింపు చేసి చూపిస్తుంది.

చవక కార్లలో నాకు బాగా నచ్చేది, వాటి పొదుపు వాటి రూపంలోనే కనిపించడం. అలెక్ ఇస్సిగోనిస్ తీర్చిదిద్దగా 1959లో వచ్చిన మినీని చూడండి. రేకుల్ని వెల్డింగ్ చేసిన అంచులు దాచకుండా బయటికే వదిలేశారు. తలుపుల మడతబందులు 1969 దాకా బయటే ఉన్నాయి. పాత 2సీవీ బానెట్ మీది నిలువు ముడతలు అలంకారం కోసం కాదు, పలచటి రేకు వంగిపోకుండా బిగువు తేవడానికి. వీటిని లెక్కచేయని కిట్ ఆ కారు కథనే వదిలేసినట్టు. మినీ చక్రం రిమ్ము పది అంగుళాలే, 1/24లో 10.6 మిల్లీమీటర్లు. వేరే కిట్ చక్రాలు తగిలిస్తే, అవి ఒక్క మిల్లీమీటరు పెద్దవైనా చాలు, ఆ కారు మినీలా కనిపించదు.

రెనో 4 ఇంకా విచిత్రం. దాని వెనక చక్రాల స్ప్రింగులు అడ్డంగా వేసిన రెండు ఉక్కు కడ్డీలు. రెండూ కారు వెడల్పంతా పరుచుకుని ఉంటాయి, కాబట్టి ఒకదాని వెనక ఒకటి అమర్చాల్సి వచ్చింది. ఫలితంగా కుడివైపు ఇరుసుల దూరం ఎడమవైపు కంటే 48 మిల్లీమీటర్లు ఎక్కువ. 1/24లో అది సరిగ్గా రెండు మిల్లీమీటర్లు. ఒక రెనో 4 కిట్ చేతికి వస్తే నేను ముందు కొలిచేది ఇదే. రెండు పక్కలా సమానంగా ఉంటే, చేసినవాళ్లు కారు కిందికి తొంగి చూడలేదని అర్థం.

ఏ ఏడాది కారు అన్నదీ చూసుకోవాలి. బీటిల్‌లో 1966 మోడల్‌కి 1300 బిళ్ల, రిమ్ములో గాలి చీలికలు వచ్చాయి. 1968 మోడల్‌కి హెడ్‌లైట్లు నిటారుగా నిలబడ్డాయి, బంపర్లు మారాయి. కొలతలన్నీ కుదిరినా 1966 ఒంటికి 1968 బంపరు తగిలిస్తే అది ఏ ఏటి కారూ కాదు.

బరువు మాత్రం ఎవరూ కుదించలేరు. పొడవు 24వ వంతు అయితే బరువు 24ను మూడుసార్లు హెచ్చించినంత, అంటే 13,824వ వంతు కావాలి. 600 కిలోల మినీ 43 గ్రాములకు దిగుతుంది. అసలు కారు బరువుకు టైరు నేల దగ్గర కాస్త చదునవుతుంది, మోడల్ టైరు అవదు. అందుకే కొందరు టైరు అడుగును చిటికెడంత అరగదీస్తారు. రంగుదీ ఇదే తంతు. కారు మీది రంగు మందం సుమారు 0.1 మిల్లీమీటరు, దాన్ని లెక్క ప్రకారం కుదిస్తే 4 మైక్రాన్లు. తలుపు చుట్టూ ఉండే సందు మోడల్‌లో 0.2 మిల్లీమీటరే కాబట్టి, పూత మీద పూత వేస్తూ పోతే అది పూడిపోతుంది.

నా తీర్పు ఇది: మందాన్ని, సందుల్ని, టైరు గుండ్రదనాన్ని మన్నించవచ్చు. ఇరుసుల దూరం, చక్రం సైజు, పైకప్పు ఎత్తు, ఈ మూడింటిలో మాత్రం రాజీ పడకూడదు.

కొలతలు కావాలంటే అసలు కారు కావాలి. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. 1986లో కొత్త రూపంతో వచ్చిన మారుతి 800 ఇరుసుల దూరం 2,175 మిల్లీమీటర్లు, 1/24లో 90.6. వెడల్పు 1,440, అంటే సరిగ్గా 60. ఇవి కాగితాల మీద దొరుకుతాయి. వెనక అద్దం వంపు, డ్యాష్‌బోర్డు లోతు, డిక్కీ అంచు అలా దొరకవు. మీ పెరట్లోనో, మీ ఊరి షెడ్డులోనో అలాంటి కారు ఒకటి ఉంటే, తుక్కు కిందికి పంపేముందు టేపు పట్టుకుని కొలవండి. దూరంగా నిలబడి, కెమెరాను కారు నడిమి ఎత్తులో పట్టుకుని నాలుగు పక్కలా ఫొటోలు తీయండి. ప్రతి ఫొటోలో ఒక మీటరు కర్ర ఉండేలా చూసుకోండి.